పాశ్చాత్య దేశాలలో ముస్లింలపై దురభిప్రాయాలు: పుట్టుక, వ్యాప్తి

"నిప్పు లేనిదే పొగ రాదు" అని మన పెద్దల మాట. ఎవరి మీదనైనా ఒక నింద పదిమంది నోటా వినబడితే, ఎంతో కొంత నిజం లేకపోతే ఇంతమంది ఎందుకంటారులే అనుకోవడం లోక సహజం. పాశ్చాత్య దేశాలలో ముస్లింల గురించి తొమ్మిది వందల ఏళ్ళకు పైగా వినబడుతున్న మాటల విషయంలోనూ ఇదే జరిగింది. వినగా వినగా అవి నిజాలుగా చెలామణి అయ్యాయి.

మన ఇళ్ళ పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వెళుతున్నారు. పేరు చెప్పగానే ఎదుటి మనిషి ముఖం మారడం, విమానాశ్రయంలో మిగతావాళ్ళకంటే రెండు ప్రశ్నలు ఎక్కువ ఎదురు కావడం వాళ్ళలో చాలామందికి అనుభవమే. "అబ్బాజాన్, మనం వాళ్ళకేం చేశాం?" అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో మనకు పాలుపోదు. కోపం తెచ్చుకుంటాం, లేదా సబర్ చేయమని చెప్పి ఊరుకుంటాం. వాళ్ళడిగిన దానికి జవాబు చరిత్రలో ఉంది. అందుచేత ఈ దురభిప్రాయం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా పెరిగింది, దాన్ని ఎదిరించినవారెవరు అన్నది మాకు తెలిసినంతలో ఇక్కడ మనవి చేస్తాము.

ముందుగా ఒక మాట. ముస్లిం రాజులు తప్పులు చేయలేదనీ, ముస్లిం పేరు పెట్టుకున్నవారెవరూ అన్యాయాలు చేయలేదనీ మేము అనడం లేదు. చేశారు. చేసినదానికి చేసినవాణ్ణి నిలదీయడం న్యాయం. ఒకడు చేసినదానికి కోట్లమందిని నిలదీయడం, అసలెవరూ చేయనిదాన్ని చేశారని ప్రచారం చేయడం, వీటిని గురించే మా ఫిర్యాదు.

చంపినదొకరు, నింద ఇంకొకరికి

క్రీ.శ. 778లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ స్పెయిన్ మీదికి దండెత్తి వెళ్ళి తిరిగి వస్తున్నాడు. పిరెనీస్ కొండల్లో ఒక కనుమ దగ్గర, సైన్యంలో వెనుక నడుస్తున్న దళాన్ని ఆ కొండప్రాంతంవాళ్ళు చుట్టుముట్టి చంపారు. చనిపోయినవారిలో రోలాండ్ అనే సర్దారు ఒకడు. చంపినవాళ్ళు బాస్క్ జాతివాళ్ళు. ఈ సంగతి ముస్లిం చరిత్రకారులు చెప్పింది కాదు. షార్లమేన్ కొలువులో ఉండి, ఆయన జీవిత చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ రాసిందే.

మూడు వందల ఏళ్ళు గడిచాయి. 1100 ప్రాంతంలో ఇదే ఘటన "రోలాండ్ గీతం" అనే ఫ్రెంచి వీరగాథగా ప్రచారంలోకి వచ్చింది. అందులో బాస్కులు మాయమైపోయారు. వాళ్ళ చోట లక్షల ముస్లిం సైన్యం వచ్చి నిలిచింది. పైగా ఆ ముస్లింలు మూడు విగ్రహాలను పూజిస్తారనీ, యుద్ధంలో ఓడిపోతే కోపంతో ఆ విగ్రహాలనే పడదోస్తారనీ అందులో ఉంది. అల్లాహ్ ఒక్కడే, ఆయనకు రూపం లేదు, ప్రతిమ లేదు అని నమ్మే సమాజం గురించి ఈ మాట!

ఇట్లా ఎందుకు మారింది? కాలం అటువంటిది. 1095 నవంబరులో ఫ్రాన్సులోని క్లెర్మాంట్ సభలో పోప్ రెండవ అర్బన్ సిలువ యుద్ధానికి పిలుపునిచ్చాడు. వేల మైళ్ళు నడిచి, ముఖం ఎరుగని మనుషులతో పోరాడటానికి జనం కదలాలంటే, ఆ మనుషుల గురించి ఏదో ఒకటి చెప్పాలి కదా! అటువంటి రోజుల్లో పాటకు శత్రువు కావలసి వచ్చాడు. ముస్లింను తెచ్చి నిలబెట్టారు.

చూసినవాళ్ళ మాట వేరు

1099 జూలైలో జెరూసలేంను పట్టుకున్న సిలువ సైనికులు నగరంలోని ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. దీన్ని వారి పక్షపు చరిత్రకారులే రాసి పెట్టారు. 88 ఏళ్ళ తర్వాత 1187 అక్టోబరులో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ అదే నగరాన్ని తిరిగి తీసుకున్నాడు. ఊచకోత జరగలేదు. తలకింత అని సొమ్ము కట్టినవారిని క్షేమంగా వెళ్ళనిచ్చాడు, కట్టలేని బీదల్లో చాలామందిని ఊరికే విడిచిపెట్టాడు. కట్టలేక బానిసలైనవారూ ఉన్నారు, దాన్ని దాచనక్కర్లేదు. అయినా ఆనాటి యుద్ధరీతిని బట్టి చూస్తే ఇది గొప్ప ఔదార్యమని శత్రువులే ఒప్పుకున్నారు.

ఆ యుద్ధాల నుంచి ఇళ్ళకు చేరినవాళ్ళు సలాహుద్దీన్ మంచితనాన్ని కథలుగా చెప్పుకున్నారు. పద్నాలుగవ శతాబ్దపు తొలినాళ్ళలో ఇటలీ మహాకవి డాంటే తన కావ్యంలో సలాహుద్దీన్‌కూ, మన పండితులు ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్‌లకూ గౌరవస్థానమే ఇచ్చాడు. అదే కావ్యంలో ప్రవక్త (స) గారి గురించి రాసిన మాటలను తిరిగి రాయడానికి మా కలం ఒప్పుకోదు.

ఒకే కవి, ఒకే కావ్యం. ఇంత తేడా ఎందుకు? సలాహుద్దీన్‌ను వేలమంది యూరపువాళ్ళు కళ్ళారా చూశారు, ఆయనతో సంధులు చేసుకున్నారు, మాట నిలబెట్టుకున్నాడని ఊళ్ళో చెప్పారు. ఆ పండితుల వైద్యమూ తత్వశాస్త్రమూ వాళ్ళ పాఠశాలల్లో చదువుకున్నారు. ప్రవక్త (స) గారి సంగతి మాత్రం ఒకరి నుంచి ఒకరికి చేరిన వినికిడి. చూసి, చదివి తెలుసుకున్నవాళ్ళు ఒక తీరుగా చెప్పారు, వినికిడి మీద రాసినవాళ్ళు ఇంకో తీరుగా రాశారు. ఈ చరిత్ర పొడుగునా మనకు కనిపించేది ఇదే.

గ్రంథం తెరిచింది తిట్టడానికే

మరి మన గ్రంథాన్ని వాళ్ళు చదవలేదా అంటే, చదివారు. క్లూనీ మఠాధిపతి పీటర్ పూనుకుని రాబర్ట్ ఆఫ్ కెటన్ అనే పండితుని చేత ఖుర్ఆన్‌ను లాటిన్ భాషలోకి అనువదింపజేశాడు. 1143లో ఆ పని పూర్తయింది. ఉద్దేశం ఖండించడమే. ఆ అనువాదం నాలుగు వందల ఏళ్ళు రాతప్రతుల్లోనే తిరిగింది. స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో ఒపొరినస్ అనే ముద్రాపకుడు దాన్ని అచ్చు వేయబోతే నగర సభవారు అడ్డుపడి ఆయన్ని జైల్లో పెట్టారు. చివరకు మార్టిన్ లూథర్ కలగజేసుకోవడంతో 1543లో వెలువడింది. లూథర్ మద్దతు ఇచ్చింది కూడా అభిమానంతో కాదు. జనం చదివితే అందులోని తప్పులు వాళ్ళకే తెలుస్తాయని ఆయన ఉద్దేశం.

ఇంగ్లీషులో తొలి ఖుర్ఆన్ 1649లో వచ్చింది. అది అరబ్బీ నుంచి చేసింది కాదు. ఫ్రెంచి అనువాదం మీద చేసిన అనువాదం! జాగ్రత్తగా చదవండి, మోసపోకండి అన్న హెచ్చరికను కూడా దానికి జతచేశారు.

పావురం కథ

ఈ కాలంలోనిదే ఇంకొక ముచ్చట. విజ్ఞులైన పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

ప్రవక్త (స) గారు ఒక పావురాన్ని పెంచి, తమ చెవిలోంచి గింజలు తినడం దానికి నేర్పారనీ, అది భుజం మీద వాలితే దైవదూత వచ్చి చెవిలో చెబుతున్నాడని జనాన్ని నమ్మించారనీ యూరపులో ఒక కట్టుకథ ఉండేది. హాలండు దేశపు మహాపండితుడు హ్యూగో గ్రోషియస్ కూడా క్రైస్తవ మతాన్ని సమర్థిస్తూ రాసిన గ్రంథంలో దీన్ని చేర్చాడు. న్యాయశాస్త్రంలో అంతటివాడు లేడని పేరుపొందిన మనిషి ఆయన.

అప్పుడు ఇంగ్లాండులో ఎడ్వర్డ్ పోకాక్ అనే పాదిరీ ఉండేవాడు. సిరియాలోని హలబ్ నగరంలో కొన్నేళ్ళు ఉండి, అక్కడి ముస్లిం పెద్దల దగ్గర అరబ్బీ నేర్చుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో తొలి అరబ్బీ ఆచార్యుడైనవాడు. ఆయన గ్రోషియస్‌ను ఒకే ప్రశ్న అడిగాడు. ఈ పావురం కథకు రుజువేది? రుజువేమీ లేదని గ్రోషియస్ ఒప్పుకున్నాడు. 1660లో పోకాక్ ఆ గ్రంథాన్ని అరబ్బీలోకి అనువదించి అచ్చు వేయించినప్పుడు ఆ కథను తీసేశాడు. అరబ్బులు చదివితే నవ్విపోతారని ఆయనకు తెలుసు.

లాటిన్ ప్రతుల్లో మాత్రం ఆ కథ అట్లాగే ఉండిపోయింది! ఎవరి గురించి చెప్పారో వాళ్ళ ముందు చెప్పడానికి పనికిరాని కథ, వాళ్ళు లేనిచోట చక్కగా చెల్లింది. నిప్పు లేని పొగ అంటే ఇదే కదా!

అయితే ఆ ఒక్క ప్రశ్న వృథా పోలేదు. 1734లో జార్జ్ సేల్ అనే న్యాయవాది అరబ్బీ నుంచి నేరుగా ఖుర్ఆన్‌ను ఇంగ్లీషు చేశాడు. ఆయనా ఇస్లాంను ఒప్పుకున్నవాడు కాదు, కాని అబద్ధాలతో వాదించడం తగదనుకున్నవాడు. ఆ అనువాదాన్ని 1765లో అమెరికాలో థామస్ జెఫర్సన్ అనే యువకుడు కొన్నాడు, తర్వాత ఆయన ఆ దేశాధ్యక్షుడయ్యాడు. అమెరికన్ కాంగ్రెసుకు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎలిసన్ 2007 జనవరిలో జెఫర్సన్ కొన్న ఆ ప్రతి మీదే చేయి పెట్టి ప్రమాణం చేశాడు. 1840 మే నెలలో లండన్‌లో థామస్ కార్లైల్ ప్రవక్త (స) గారి మీద ఉపన్యసిస్తూ, ఈ పావురం కథనే ఎత్తి, ఇటువంటి అబద్ధాలు సిగ్గుచేటు తెచ్చేది చెప్పిన మనకేనని తన జనానికి చెప్పాడు.

మతం మార్చుకున్నా పోని నింద

మళ్ళీ కొంచెం వెనక్కు, స్పెయిన్‌కు వెళదాం. 1492 జనవరిలో గ్రనడా లొంగిపోయింది. ముస్లింల మతానికి, మసీదులకు జోలి పోమని ఒడంబడికలో రాసిచ్చారు. పదేళ్ళు తిరగకుండానే ఆ మాట తప్పారు. బాప్తిస్మం తీసుకోండి, లేదా దేశం విడవండి అన్నారు. ఊరూ పొలమూ విడవలేని లక్షలమంది తీసుకున్నారు. వాళ్ళకు మోరిస్కోలని పేరు పెట్టారు. చర్చికి వెళ్ళినా, స్పానిష్ మాట్లాడినా అనుమానం తీరలేదు. చివరకు 1609 నుంచి 1614 లోపల సుమారు మూడు లక్షలమందిని ఓడలెక్కించి తరిమేశారు.

దీన్ని కొంచెం ఆలోచించాలి. మతం మీద కోపమే అయితే మతం మారినప్పుడు పోవాలి. పోలేదు. అప్పటికే అది పుట్టుక మీదికి, రక్తం మీదికి మళ్ళింది. దురభిప్రాయం ఒకసారి వేళ్ళూనితే, మొదట చెప్పిన కారణం పోయినా అది మాత్రం పోదు.

ఏలుబడికి కావలసిన మాటలు

"కుక్కను చంపదలిస్తే పిచ్చిదని పేరు పెట్టు" అంటారు. 1830లో ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించింది. 1857 తర్వాత ఢిల్లీలో బ్రిటిష్‌వారిదే పూర్తి పెత్తనం. 1882లో ఈజిప్టు వారి చేతికి పోయింది. ఇన్ని ముస్లిం దేశాలను ఏలడానికి ఒక సమర్థన కావాలి. ఈ జనానికి తమను తాము పాలించుకునే తెలివి లేదనీ, వీళ్ళ మతమే వీళ్ళను వెనక్కు లాగుతోందనీ పుస్తకాలు పుట్టుకొచ్చాయి. వెనుక చర్చి చేసిన పని ఇప్పుడు కచేరీ చేసింది. 1871లో డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ అనే దొర భారతీయ ముస్లింలు రాణి మీద తిరగబడక తప్పదా అన్న ప్రశ్నతో పుస్తకమే రాశాడు.

అంతకుముందే ఉత్తరాదిన పెద్ద హోదాలో ఉన్న విలియం మ్యూర్ దొర 1858 నుంచి 1861 లోపల ప్రవక్త (స) గారి జీవిత చరిత్రను నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. అరబ్బీ మూలాలు చూసి రాసిన పుస్తకమే. కాని తీర్పు ముందే రాసిపెట్టుకుని సాక్ష్యాలు ఏరుకున్నట్టుగా ఉంటుంది. దాన్ని చదివి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి మనసు కలత చెందింది. ఆయన తిట్టలేదు, పుస్తకాన్ని తగలబెట్టమనలేదు. 1869లో ఓడెక్కి లండన్ వెళ్ళి, అక్కడి గ్రంథాలయాల్లో కూర్చుని, ఖర్చులకు ఇబ్బందులు పడుతూ 1870లో తమ జవాబును ఇంగ్లీషులో అచ్చు వేయించారు. పుస్తకానికి పుస్తకమే జవాబని చేసి చూపించారు.

హైదరాబాదు నుంచి ఒక జవాబు

ఇటువంటి ఇంకొక జవాబు మన హైదరాబాదు నుంచే వెళ్ళింది. మార్మడ్యూక్ పిక్తాల్ ఇంగ్లాండులో పాదిరీ కొడుకు, నవలాకారుడు. యువకుడిగా పాలస్తీనా, సిరియా, ఈజిప్టులలో జనం మధ్య తిరిగినవాడు. 1912-13 బాల్కన్ యుద్ధాల కాలంలో ఇంగ్లాండులో తురుష్కుల మీద సాగిన ప్రచారం ఆయన్ని నొప్పించింది. తాను చూసిన మనుషులు వేరు, పత్రికల్లో చదువుతున్న మనుషులు వేరు. 1917లో ఇస్లాం స్వీకరించినట్టు బహిరంగంగా ప్రకటించాడు.

1925లో ఆయన హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 1927 నుంచి "ఇస్లామిక్ కల్చర్" త్రైమాసిక పత్రికకు సంపాదకత్వం వహించాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు పూర్తి జీతంతో సెలవు ఇవ్వగా ఖుర్ఆన్ అనువాదం పూర్తి చేసి 1930లో ప్రకటించాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే ముస్లిం ఒకరు చేసిన తొలి ఇంగ్లీషు అనువాదం ఇదే. తొలి ఇంగ్లీషు ప్రతి వచ్చిన 1649 నుంచి లెక్కిస్తే 281 ఏళ్ళు పట్టింది! అది మన మూసీ ఒడ్డున తయారైందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

తెర మీద, పత్రికల్లో

ఇరవయ్యవ శతాబ్దంలో పుస్తకం చేసిన పని సినిమాకు, టెలివిజన్‌కు వెళ్ళింది. లెబనాన్ మూలాలున్న అమెరికన్ క్రైస్తవుడు ప్రొఫెసర్ జాక్ షాహీన్ తొమ్మిది వందలకు పైగా హాలీవుడ్ చిత్రాలను పరిశీలించి 2001లో ఒక గ్రంథం ప్రచురించారు. వాటిలో అధికభాగం అరబ్బును దొంగగానో, కాముకుడిగానో, హంతకుడిగానో చూపినవే. మంచిగా చూపినవి డజను దగ్గర తేలాయి. 1973లో చమురు సరఫరా నిలిపివేత, 1979 నవంబరు నుంచి ఇరాన్‌లో అమెరికన్ దౌత్య ఉద్యోగుల 444 రోజుల నిర్బంధం, ఈ రెండూ ఆ బొమ్మకు రంగులద్దాయి.

1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరంలో ప్రభుత్వ భవనం ముందు బాంబు పేలి 168 మంది చనిపోయారు. వారిలో 19 మంది చిన్నపిల్లలు. ఇది మధ్యప్రాచ్యం వాళ్ళ పనే అని గంటల్లోనే వార్తల్లో పండితులు తేల్చేశారు. ఆరోజు ప్రయాణంలో ఉన్న ఒక అరబ్బు అమెరికన్‌ను లండన్‌లో ఆపి వెనక్కు పంపారు. చివరకు పట్టుబడిన హంతకుడు తిమోతీ మెక్‌వే. అమెరికా సైన్యంలో పనిచేసిన తెల్లవాడు. రోలాండ్ గీతంలో బాస్కుల చోటికి ముస్లింలు రావడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఇక్కడ మూడు గంటలు చాలింది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో, వాషింగ్టన్‌లో జరిగిన ఘోరాన్ని చేసినవాళ్ళు మాత్రం ముస్లిం పేర్లవాళ్ళే. సుమారు మూడు వేలమంది అమాయకుల ప్రాణాలు తీసినదాన్ని మన మతం ఎంత మాత్రం ఒప్పదు. కాని దాని శిక్ష ఎవరికి పడింది? ముస్లింల మీద ద్వేషంతో జరిగిన నేరాలు 2000లో 28 అని అమెరికా ఎఫ్.బి.ఐ. లెక్క. 2001లో అవి 481. నాలుగు రోజుల తర్వాత ఆరిజోనాలో ఒక సిక్కు సోదరుణ్ణి తలపాగా, గడ్డం చూసి కాల్చి చంపారు. ఆయన ముస్లిం కానే కాదు. మోరిస్కోల నాటి జబ్బు ఇదే, చూపు మతం మీద నుంచి మనిషి రూపం మీదికి మళ్ళింది.

2009 నవంబరులో స్విట్జర్లాండ్ ప్రజలు కొత్త మినార్లు కట్టరాదని 57 శాతం ఓట్లతో తీర్పు చెప్పారు. అప్పటికి ఆ దేశం మొత్తంలో ఉన్న మినార్లు నాలుగే! ఓటు వేసినవాళ్ళలో మినారు నీడ తగిలినవాళ్ళు ఎందరుంటారు?

మాట తూటా అయిన రోజులు

1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపారు. చనిపోయినవాళ్ళు చంపినవాళ్ళ జాతివారే, వాళ్ళ భాషే మాట్లాడేవారు. అయినా వాళ్ళను తురుష్కులని పిలిచి, ఎన్నడో జరిగిన యుద్ధాల పగ తీర్చుకున్నారు. తెలుగునేల మీదా అరబ్బయినా, మొగలయినా, ఇక్కడి సాయిబయినా అందర్నీ కలిపి "తురక" అనే అలవాటు ఉంది కాబట్టి ఈ సంగతి మనకు తేలిగ్గానే అర్థమవుతుంది.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో జుమా నమాజుకు వచ్చినవారి మీద ఒక దుండగుడు కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. మన హైదరాబాదు నుంచి బ్రతుకుతెరువుకు వెళ్ళినవారు కూడా వారిలో ఉన్నారు. వాడి తుపాకుల మీద 732 టూర్స్ యుద్ధం, 1683 వియన్నా యుద్ధం వంటి పేర్లు రాసి ఉన్నాయి. సగం చరిత్ర, సగం కట్టుకథ కలిపి నూరిపోస్తే చివరకు చేరేది అక్కడికే.

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. తర్వాతి శుక్రవారం అదే నగరంలో వేలాదిమంది ముస్లిమేతరులు మసీదు ఎదుటి పార్కులో నిలబడ్డారు. ప్రధాని జసిండా ఆర్డెర్న్ తలమీద వస్త్రం కప్పుకుని వచ్చారు. దేశమంతటా రేడియోలో, టెలివిజన్‌లో అజాన్ వినిపించారు. 2022లో ఐక్యరాజ్యసమితి మార్చి 15ను ముస్లింలపై ద్వేషాన్ని ఎదుర్కొనే అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.

మన వంతు

పాఠక సోదర సోదరీమణులారా! ఇంత చెప్పిందీ పాశ్చాత్యుల మీద కోపం పెంచడానికి కాదు. పోకాక్, సేల్, కార్లైల్, పిక్తాల్ కూడా తెల్లవాళ్ళే. "తెల్లవాళ్ళంతా ఇంతే" అని మనం అంటే, మన గురించి వాళ్ళు రాసిన పుస్తకంలో మనమూ ఒక పుట రాసినట్టే.

ఒక వార్త చేతికి వస్తే నమ్మేముందు విచారించుకోమని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆజ్ఞ ఉంది. తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిక కూడా ఉంది. ఆ ఆజ్ఞ మనకు వచ్చింది. దాన్ని మనమెంత పాటిస్తున్నాం? ఇంకో మతంవాళ్ళ గురించి, ఇంకో కులంవాళ్ళ గురించి, మనలోనే ఇంకో జమాత్‌వాళ్ళ గురించి ఫోనులో ఒక కథ వస్తే రుజువేదని అడుగుతున్నామా, లేక నలుగురికి పంపుతున్నామా?

మన సంఘం వారికి మా మనవి ఒకటే. పిల్లలు చదువుకునే చోట సర్ సయ్యద్ గారి పుస్తకం, పిక్తాల్ అనువాదం ఉంచండి. ఇఫ్తార్‌కు, మీలాద్ సభకు పక్కవీధి హిందూ, క్రైస్తవ సోదరులను పిలవండి, వాళ్ళ పండుగలకు మనమూ వెళదాం. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నచోట పావురం కథలు నిలవవు. విదేశాలకు వెళ్ళే మన అబ్బాయిలూ అమ్మాయిలూ తల వంచుకోనూ వద్దు, తగాదాకు దిగనూ వద్దు. ఆ నాడు పోకాక్ అడిగినట్టే మర్యాదగా అడగండి: రుజువేది?

అల్లాహ్ మనకు నిజం పలికే నాలుకను, నిజం వినే చెవిని ప్రసాదించుగాక! ఆమీన్.